నడుమ ఎర్రపూస

“అలారం వైరు పీకింది ఎవరు?”

“నేనేనమ్మా.”

“ఎన్నింటికి?”

“పొద్దున పదిన్నరకి. కాదు కాదు, పది నలభై. టీ వచ్చి వెళ్ళాక.”

“ఎందుకు పీకారు?”

గాజు మామ బల్ల మీది గాజు ముక్కని పక్కకి జరిపాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ పరిశోధనాలయంలో గాజు గొట్టాలు కాచి, ఊది, సాగదీసి, మూతులు బిగించే పని ఆయనది. వేళ్ళ నిండా పాత కాలిన మచ్చలు. మంట దగ్గర పెట్టుకునే ఊదారంగు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి ఉన్నాయి. అవి అక్కడున్నాయన్న సంగతి మరిచిపోయి చాలా సేపయినట్టుంది.

ఎదురు స్టూలు మీద కూర్చున్న డిటెక్టివ్ తన చిన్న పుస్తకంలో ‘10.40’ అని రాసి, ఆ జవాబు ఎప్పుడు చెప్పాడో అదీ పక్కన వేసింది: ‘1.12’. ఈ అలవాటు వల్లే ఆఫీసులో ఆమెకి నిమిషాలమ్మ అని పేరు పడింది. మొహం మీద ఎవరూ అనరు. వెనక అనని వాళ్ళు లేరు.

“చెప్పండి మామా. ఎందుకు?”

“బ్యాటరీ అయిపోవస్తే అది నిమిషానికోసారి కీచుమంటుందమ్మా. ఆ ఎక్స్‌రే గదికీ నా గదికీ నడుమ ఒక్క గోడే. నేను సన్న పని మీదున్నాను. అది కీచుమన్నప్పుడల్లా చెయ్యి ఉలిక్కిపడి గాజు వంకరపోతోంది. రెండుసార్లు పాడైంది. మూడోసారి లేచెళ్ళి వైరు పీకి, డబ్బా ఇటు తెచ్చేశాను. సాయంత్రం కొత్త బ్యాటరీ వేసి పెడతానని తలుపు మీద చీటీ కూడా అంటించాను.”

“మరి పెట్టలేదేం?”

“నాలుగున్నర బస్సు పోతుందని పరిగెత్తాను.” ఆయన తన చేతుల్ని వేరెవరివో అన్నట్టు చూసుకున్నాడు. “బస్సు దొరికింది.”

సంగతి ఇదీ. నిన్న సాయంత్రం ఐదు నలభైకి, ఎక్స్‌రే గదిలో యంత్రం పక్కన ఒక పరిశోధక విద్యార్థిని నేల మీద పడి ఉంది. ఎప్పుడూ జడలో పెన్సిల్ గుచ్చుకుని తిరిగేది కాబట్టి ఆమెని అందరూ పెన్సిల్ అనే పిలిచేవాళ్ళు. ఒంటి మీద దెబ్బ లేదు. ప్రాణవాయువు అందక, మూడు నాలుగు గంటల మధ్య పోయిందన్నాడు డాక్టరు. ఆ యంత్రంలో స్ఫటికాన్ని గడ్డకట్టే చలిలో ఉంచడానికి దాని మీదికి చల్లని నైట్రోజన్ ఊదుతారు. ఆ గొట్టం ఊడి కనిపించింది. నైట్రోజన్ విషం కాదు, మనం పీల్చే గాలిలో ముప్పాతిక వంతు అదే. కానీ గదంతా అదే నిండితే మనిషికి కావలసిందానికి చోటుండదు. వాసన రాదు, దగ్గు రాదు. అందుకే గోడకి, ప్రాణవాయువు తగ్గితే మోగే అలారం. ఆ అలారం వైరు పీకి ఉంది.

“ఏం చేస్తున్నారు ఆ సన్న పని?”

మామ కళ్ళద్దాలు ఇప్పుడు తీసి, మడిచి, బల్ల మీద పెట్టాడు.

“దాని కోసమేనమ్మా. పెన్సిల్ కోసమే. గాజుతో ఒక పెట్టె చేసిపెట్టమంది. రెండు నలభైకి పూర్తయింది. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్తో పట్టుకెళ్ళింది.” ఆయన గొంతులో ఏడుపు లేదు. ధర చెప్పినట్టు చెప్పాడు. “కాబట్టి మీరు అంతగా అడగక్కర్లేదు. నేనే చంపాను. రాసుకోండి.”

ఆమె రాసుకోలేదు. ఇలాంటి గొంతు ఆమెకి తెలుసు. నలభై ఒక్క రోజులుగా తన నోట్లోంచి వస్తున్నదీ ఇదే. బజార్లో మూటలు మోసి తనని డిగ్రీ దాకా చదివించిన అన్నయ్య, ఒక మధ్యాహ్నం మూట దించుతూ అక్కడే కూర్చుండిపోయాడు, మళ్ళీ లేవలేదు. ఏడుపు వస్తుందని అందరూ ఎదురుచూశారు. ఆమె కూడా చూసింది. రాలేదు. నాలుగో రోజున డ్యూటీకి వచ్చేసింది. అప్పటినుంచీ టీ వేడిగా ఉందో చల్లారిందో గ్లాసు చూసి తెలుసుకుంటోంది.

“ఆ అలారం ఏదీ?”

మామ సొరుగులోంచి అరచేతంత తెల్ల డబ్బా తీశాడు.

“కొత్త బ్యాటరీ వేయండి. అసలు పనిచేస్తుందో లేదో చూడాలి.”

ఆయన బ్యాటరీ వేశాడు. డబ్బా ఒక్కసారి కీచుమని, పచ్చదీపం వెలిగించి ఊరుకుంది. ఆమె దాన్ని భుజాన సంచీలో వేసుకుంటుండగా తలుపు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు.

“అలారం మెడకి తగిలించుకుని తిరుగుతారా మేడమ్ గారూ? గంట కట్టిన ఆవులాగ?”

ముగింపు సార్. ఆమెతో పాటే ఉద్యోగంలో చేరాడు, ఆమెతో సమానమైన హోదా. ఏ కేసయినా మూడు రోజుల్లో మూసేస్తాడు. తెరిచిన ఫైలు చూస్తే ఆయనకి ఒళ్ళు దురద పెడుతుందంటారు.

“గంట ఉంటే ఆవు ఎక్కడుందో తెలుస్తుంది కదండీ,” అంది ఆమె.

“నాలుగింటికి ఈయన్ని తీసుకెళ్తున్నాను. అజాగ్రత్త వల్ల మరణం. కాగితాలు టైపయిపోయాయి, మీ సంతకానికి చోటు కూడా వదిలాను. ముసలాయనే ఒప్పుకున్నాక మీకెందుకింత ఆయాసం?”

“ఒప్పుకున్నాడు కాబట్టే. తప్పు చేసినవాడు ఇంత తొందరగా ఒప్పుకోవడం మీరెప్పుడైనా చూశారా?”

“చూడకేం, నా కేసుల్లో అందరూ తొందరగానే ఒప్పుకుంటారు.”

“అదే మరి.”

ఆయన మొహం ఎర్రబడింది. “నాలుగు. ఒక్క నిమిషం ఎక్కువ లేదు. నిమిషాలు మీకు బాగా తెలుసుగా.”

గాజు మామ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, “నేనెక్కడికీ పోను బాబూ, వరండాలోనే కూర్చుంటాను,” అన్నాడు.

*

ఒకటి యాభైకి ఆమె ఎక్స్‌రే గదిలో ఉంది. యంత్రం నడిపే ఆపరేటరమ్మ నిన్న సెలవు. ఆ మాట వచ్చినవాళ్ళందరితోనూ చెప్పుకుంటోంది.

“నిన్న ఒక్కరోజే మేడమ్. మా చిన్నదానికి జ్వరం. నేనుంటే ఆ పిల్లకి తోడుండేదాన్ని.”

“ఇది ఏం స్ఫటికం?”

“సోడియం నైట్రైడ్. సోడియం, నైట్రోజన్, అంతే. గాలి తగిలితే చచ్చిపోతుంది. అందుకే మామ వెంట్రుకంత గాజు గొట్టంలో పెట్టి మూతి బిగిస్తాడు. ఎక్స్‌రే దీనిలోంచి పోయి తెర మీద చుక్కలుగా పడుతుంది. చుక్కకీ చుక్కకీ ఉన్న ఎడం బట్టి లోపలి పెట్టె ఎంతుందో లెక్క కడతాం.”

“పెట్టె?”

“ఒకే కొలత పెట్టెలు కోట్ల కొద్దీ, గోడకి ఇటుకలు పేర్చినట్టు. పెట్టెకి ఎనిమిది మూలలా నైట్రోజన్. పన్నెండు అంచులుంటాయి కదా, ఒక్కో అంచు నడిమధ్యన ఒక్కో సోడియం.”

“పెట్టె లోపల?”

ఆపరేటరమ్మ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. “అక్కడే గొడవంతా. ఈ పరిశోధనాలయం నడిపే పెద్దసారేమో లోపల నడుమ ఇంకో పరమాణువు కూర్చుని ఉందంటారు. పాతికేళ్ళ కిందటే చెప్పి పేరు తెచ్చుకున్నారు. పెన్సిల్‌కి కనబడలేదు. చలిలో పెడితే పరమాణువులు కదలకుండా కుదురుగా ఉంటాయి, బొమ్మ స్పష్టంగా వస్తుంది. మూడు నెలలు ఊడ్చి ఊడ్చి వెతికింది. నడుమ ఏమీ లేదు మేడమ్. ఉత్త ఖాళీ.”

యంత్రం పక్కన కొక్కేనికి ఒక రిజిస్టరు వేలాడుతోంది. అరగంటకోసారి సమయం, చలి, పెట్టె అంచు కొలత చేత్తో రాయడం అక్కడి పద్ధతి. యంత్రం అన్నీ దాచుకున్నా సరే, రాయాల్సిందే. నిన్నటి పేజీ అంతా పెన్సిల్‌తో రాసిందే. డిటెక్టివ్ వేలు పెట్టి చదివింది.

రెండు గంటలు. సున్నాకి కింద నూట డెబ్బై. 4.70.

రెండున్నర. అదే చలి. 4.70.

మూడు. అదే చలి. 4.70.

మూడున్నర. అదే చలి. 4.73.

నాలుగు. ‘చల్లగాలి ఆగింది. గొట్టం చూడాలి.’

ఆ తరువాత ఖాళీ. రిజిస్టరు మధ్యలో, దారానికి కట్టకుండా, పసుపుపచ్చ పెన్సిల్ ఒకటి.

“ఆ పిల్ల పెన్సిల్ ఎక్కడ పెట్టుకునేది?”

“జడలోనే. నిద్రలో కూడా తీయదని ఏడిపించేవాళ్ళం.”

“మరి ఇక్కడెందుకుంది?” అని ఆగి, “ఈ చివరి కొలత చూడండి. మూడూ మూడున్నర మధ్య పెట్టె ఎందుకు పెద్దదైంది?” అంది.

ఆపరేటరమ్మ వంగి చూసింది. మళ్ళీ చూసింది.

“అవ్వదు మేడమ్. ఇది వెచ్చగా ఉన్నప్పటి కొలత. చలికి పెట్టె ముడుచుకుంటుంది. చలి నూట డెబ్బైలోనే ఉంటే 4.70 దగ్గరే ఉండాలి. పొరపాటున రాసిందేమో.”

“పొరపాటు పడితే 4.71 రాయచ్చు, 4.79 రాయచ్చు. సరిగ్గా 4.73 ఎందుకు రాస్తుంది?”

“ఆ అంకె ఈ భవనంలో నిద్రలో లేపి అడిగినా చెబుతారండీ. పుస్తకాల్లో ఉండేది అదే. కానీ…” ఆమె రిజిస్టరులోంచి కళ్ళు తీయలేదు. “కానీ చలిలో పనిచేసేవాళ్ళం ఆ అంకె రాయం. చెయ్యే రాదు.”

“నిన్న తీసిన చుక్కల ఫోటోలున్నాయా?”

“తెర ఆపేసి ఉందండీ, పొద్దున నేనొచ్చేసరికి.”

“తెర సంగతి కాదు. యంత్రం?”

ఆపరేటరమ్మ తెర నొక్కింది. కాసేపటికి వెనక్కి తిరిగింది. “ఆగలేదు మేడమ్. తెర ఒక్కటే ఆపారు ఎవరో. యంత్రం సాయంత్రం ఆరింటి దాకా ఫోటోలు తీస్తూనే ఉంది. ప్రతిదాని మీదా టైము పడి ఉంది.”

“మూడు నుంచి ఆరు దాకా, ఫోటోలన్నిటికీ పెట్టె కొలత కట్టండి. ఎంతసేపు?”

“గంట.”

“ఎవరికీ చెప్పకండి,” అంది డిటెక్టివ్. రెండు పది.

*

పెద్దసారు తన గదిలో ఏదో ప్రసంగం దిద్దుకుంటున్నాడు. వచ్చేవారం ఆయనకి సన్మానం. బల్ల మీద అడుగెత్తు గాజు పెట్టె: పన్నెండు సన్నని కడ్డీలు, మూలల్లో నీలం గోళాలు, అంచుల మధ్యన పసుపు పూసలు, లోపల నడిమధ్యన సన్నని తీగకి వేలాడుతూ ఒక ఎర్రపూస.

“గాజు మామ చేసిందే,” అన్నాడు ఆమె చూపు గమనించి. “పాతికేళ్ళయింది. మంచివాడు, పాపం. ముసలితనం. ఒక్క వైరుతో నిండు ప్రాణం పోయింది. మరీ కఠినంగా చూడకండమ్మా ఆయన్ని.”

“నిన్న పెన్సిల్‌ని చూశారా సార్?”

“లేదు. పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నాను. నాలుగింటికి చేతులు కడుక్కుందామని వెళ్తూ ఆ గది ముందు నుంచి పోయాను. బుస్సుమని చప్పుడు వినబడింది. మామూలేననుకున్నాను. లోపలికి తొంగిచూసి ఉంటే…” కళ్ళు మూసుకున్నాడు. “ఐదు నలభైకి వాచ్‌మన్‌ని తీసుకుని వెళ్ళి చూస్తే అలా ఉంది.”

“ఆమె మీ మాట కాదంటోందని విన్నాను.”

“పిల్లలు కాదంటూనే ఉంటారు. కాదనకపోతే చదివినట్టు అనిపించదు వాళ్ళకి.” చిన్నగా నవ్వాడు. “మీరేం చదివారమ్మా?”

“డిగ్రీ సార్. కెమిస్ట్రీ. మా ఇంట్లో నేనే మొదటిదాన్ని.”

“ఓహో! మరి పై చదువు?”

“కుదరలేదు సార్.” పుస్తకం పేజీ తిప్పుతూ, మామూలుగా అడిగింది: “ఈ పెట్టె అంచు ఎంతుంటుంది సార్? గుర్తు లేదు.”

“నాలుగు పాయింట్ ఏడు మూడు ఆంగ్‌స్ట్రాములు.” ఊపిరి తీసినంత తేలిగ్గా వచ్చింది. “నా చేతుల్తో కొలిచాను. అప్పట్లో ఈ చలి యంత్రాలవీ ఎక్కడివి? ఫ్యాను కింద కూర్చుని కొలిచేవాళ్ళం.”

“ఇప్పుడు కొలవరా?”

“ఆ గదిలో కూర్చుని పదకొండేళ్ళయింది. ఆ బొత్తాలూ, ఆ తెరలూ నాకెక్కడ వస్తాయి!”

ఆమె ‘2.34’ అని రాసుకుంది. అంకె కింద గీత గీసింది. కోపం రావలసిన చోటు అదని ఆమెకి తెలుసు. అన్నయ్య ఉంటే వచ్చేది కూడా. ఇప్పుడు మాత్రం గీత తిన్నగా వచ్చిందా లేదా అని చూసుకుంది.

లేచి, అలారం పచ్చదీపం పైకి కనబడుతున్న సంచీ భుజాన వేసుకుని తలుపు దాకా వెళ్ళి ఆగింది. “మామ నిన్న ఇంకో పెట్టె చేశాడట సార్, పెన్సిల్ కోసం. అది ఏమైందో మీకేమైనా తెలుసా?”

“లేదే,” అన్నాడు పెద్దసారు. ఆయన చేతిలో కలం మాత్రం కాగితం మీద ఒకే చోట ఆగిపోయి, సిరా చుక్క పెద్దదవుతోంది.

*

వరండా బెంచీ మీద గాజు మామ కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో గాజు కోసే కత్తి పిడి బయటికి కనబడే చిన్న పనిముట్ల సంచీతో. ఎక్కడికి తీసుకెళ్ళినా చేతికి ఏదో ఒక పని ఉండాలని తెచ్చుకున్నాడట.

“ఆ కొత్త పెట్టెలో ఎర్రపూస ఉందా మామా?”

“లేదమ్మా. వద్దంది. ‘ఊరికే మాటల్లో చెబితే సార్ నొచ్చుకుంటారు మామా, ఇది చేతిలో పెట్టి చెబుతాను’ అంది. ‘మూడింటికి రాత్రికి కావలసిన నైట్రోజన్ తెచ్చేసుకుని అటే సార్ దగ్గరికి వెళ్తా’ అంది.”

“నైట్రోజన్ ఎక్కడ నింపుకుంటారు?”

మామ గడ్డంతో వరండా మలుపు అవతలికి చూపించాడు, బెంచీకి కనబడని చోటు; ఆమె వెళ్ళి చూసి వచ్చింది. చిన్న గది. తలుపు పై సగం మందపాటి గాజు. గడియకి తాళం వేలాడుతోంది, వేసి లేదు.

“అక్కడ అలారం?”

“రాలేదమ్మా ఇంకా. అడిగి రెండేళ్ళయింది.”

మూడు ఐదుకి ఆపరేటరమ్మ పరిగెత్తుకొచ్చింది, చేతిలో కాగితం. ముగింపు సార్ కూడా వెనకే వచ్చాడు, పరిగెత్తేవాళ్ళ వెనక వెళ్ళడం ఆయన పద్ధతి.

“మూడున్నరకి 4.70 మేడమ్. నాలుగుకి 4.70. నాలుగున్నరకీ, ఐదుకీ అదే. ఐదు పది ఫోటో నుంచి పెరగడం మొదలైంది. ఐదున్నరకి 4.73.”

“అయితే ఏంటట?” అన్నాడు ముగింపు సార్.

“స్ఫటికమే థర్మామీటరండీ. ఐదు పది దాకా అది చలిలోనే ఉంది. అంటే ఐదు పది దాకా గొట్టం ఊడలేదు. ఊడని గొట్టం నుంచి గదిలో నైట్రోజన్ నిండదు. పెన్సిల్ పోయింది నాలుగు లోపు. అంటే ఆ గదిలో పోలేదు, ఆ గొట్టం వల్ల పోలేదు.”

“మరి రిజిస్టరులో నాలుగింటికి ఆగిందని ఆ అమ్మాయే రాసిందిగా!”

“ఆమె రాయలేదు. రాసినవాడు ఆమె జడలోంచి పెన్సిల్ తీసి రాశాడు. కొలత గడి ఖాళీగా వదిలితే బాగుండదని, చేతికి అలవాటైన అంకె వేశాడు. చలిలో ఎప్పుడూ కొలవని మనిషి.”

“ఒక్క అంకె! సున్నాకీ మూడుకీ తేడాతో పెద్దసారు లాంటి పేరున్న మనిషి మీద నింద వేస్తారా? డిగ్రీ ఉంది కదా అని ఇలాంటివి చెబితే పైవాళ్ళు నవ్వుతారు.”

“నవ్వనివ్వండి. మామ నాలుగు ఇరవై ఐదుకి గేటు దాటినట్టు వాచ్‌మన్ పుస్తకంలో ఉంది. ఐదు పదికి గొట్టం ఊడదీసింది ఆయన కాదు. నా సంతకం పడదు.”

“మీ సంతకం లేకుండానే పంపిస్తాను. నాలుగింటికి,” అని ఆయన వాచీ చూసుకుంటూ బెంచీకి ఎదురుగా గోడకి ఆనుకుని నిలబడ్డాడు, రైలు కోసం నిలబడ్డట్టు.

మామ ఇదంతా విన్నాడో లేదో తెలియలేదు. ఆమె అటు తిరిగేసరికి ఒక్క మాట అడిగాడు.

“అయితే నా అలారం ఉన్నా మోగేది కాదా అమ్మా?”

“ఇంకా చెప్పలేను మామా. పెన్సిల్ ఎక్కడ పోయిందో చూపించాలి.”

ఆపరేటరమ్మని గాజు పెట్టె కోసం చెత్తబుట్టలు వెతకమని పంపి, డిటెక్టివ్ గేటు కాడ ఉన్న వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళింది. నింపే గది తాళంచెవులు రెండు. ఒకటి వాచ్‌మన్ నడుముకి ఉంది. రెండోది పెద్దసారు దగ్గర. మూడు ఇరవై రెండుకి ఆ మాట రాసుకుని, ఆ గదిలోకి వెళ్ళింది.

*

మంచం పట్టేంత గది. గోడవారగా మూడు ఉక్కు పాత్రలు, చక్రాల బండి ఒకటి, కప్పు కింద నుంచి దిగిన పొడుగాటి గొట్టం. బయటి ట్యాంకు నుంచి ఆ గొట్టంలోకి నైట్రోజన్ వదిలే పిడి తలుపు బయట వరండాలోనే ఉంది. బండి పలక తుడిచి శుభ్రంగా ఉంది, మిగతా అంతా దుమ్ము. తుడిచిన చోటు మనిషి పొడవుంది.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని పాత్రల కింద టార్చి వేసింది. మూడో పాత్ర వెనక ఏదో తళుక్కుమంది. చెయ్యి చాపి అందుకుంది. పసుపు పూస. దానికి అంటుకుని గోరంత గాజు కడ్డీ ముక్క. నిన్న రెండు నలభైకి పూర్తయిన పెట్టెలోది. అంటే మూడు తరువాత ఆ పిల్ల ఇక్కడ ఉంది, చేతిలో ఆ పెట్టెతో ఉంది.

గాజు అంచుకి బొటనవేలు తెగింది. రక్తం చూసి తెలుసుకుంది.

వెనక క్లిక్కుమంది. పెద్ద చప్పుడు కాదు. ఎవరో పెట్టె మూత మర్యాదగా వేసినట్టుంది. ఆ వెంటనే గొట్టంలో బుస్సుమని మొదలైంది.

ఆమె లేవాలనుకుంది. తొందరేమీ లేదనిపించింది. గది చల్లగా, ప్రశాంతంగా ఉంది. ఊపిరి ఎప్పటిలాగే ఆడుతోంది. మోకాళ్ళ చుట్టూ తెల్లటి పొగ పాకుతోంది. పెట్టెలా ఉంది గది, అనుకుంది. ఎనిమిది మూలలు, పన్నెండు అంచులు, నడుమ నేను. అన్నయ్య పోయిన దగ్గర్నుంచీ ఇంతకంటే తేడాగా ఎప్పుడుంది కనక? కాసేపు కూర్చుంటే ఏం? తల గోడకి ఆనించింది.

సంచీలో అలారం అరిచింది.

కీచుమనడం కాదు, గొంతు చించుకుని అరిచింది. ఆమెకి తెలియనిది దానికి తెలిసింది. ఆమె పాక్కుంటూ తలుపు దాకా వచ్చి, రక్తపు బొటనవేలుతో గాజుని తట్టింది. తట్టానని అనుకుంది, చెయ్యి సగం కూడా లేవలేదు. సంచీని మాత్రం తలుపుకి ఆనించి ఉంచగలిగింది.

బయట ఎవరో పరిగెత్తిన చప్పుడు. పిడి తిప్పిన కిర్రుమనే మోత. బుస్ ఆగింది. తలుపు రెండుసార్లు ఊగింది.

“తాళమమ్మా! ఎవరో తాళం వేశారు! తల పక్కకి తిప్పు తల్లీ, కళ్ళు మూసుకో!”

గాజు మామ గొంతు. తరువాత ఒక సన్నని గీర, పలక మీద గోరు గీసినట్టు, గాజు చుట్టూ ఒకటే వరస. ఆయన సంచీలో వజ్రపు మొన ఉన్న కత్తి ఉందని ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ గీర తొందరపడలేదు, వంకరపోలేదు. అలారం చెవి పక్కనే అరుస్తున్నా ఆ చెయ్యి ఒక్కసారి కూడా ఉలిక్కిపడలేదు. గీర మొదలైన చోటికే వచ్చి కలిసింది. టక్కున ఒక్క దెబ్బ. మందపాటి గాజు పలక పగలకుండా ఒకే ముక్కగా ఆయన చేతుల్లోకి వచ్చింది.

గాలి. ముగింపు సార్ చేతులు ఆమె చంకల కింద పడి పైకి లాగాయి.

వరండా నేల మీద ఆమె చాలాసేపు కూర్చుంది. ఎంతసేపో రాసుకోలేదు. ఆపరేటరమ్మ మంచినీళ్ళు పట్టించింది. గొంతులో చల్లగా దిగాయి.

“ఈ తెల్ల డబ్బా అరుపు నాకు తప్ప ఎవరికి తెలుస్తుందమ్మా,” అంటున్నాడు మామ, గాజు పలకని ఇంకా రెండు చేతుల్తో పట్టుకుని. “మొదటి అరుపుకే లేచాను. ఈయనేమో కూర్చోమంటాడు!”

ముగింపు సార్ నేల చూపులు చూశాడు. “పెద్దసారు ఇటే వచ్చి వెళ్ళాడండీ. ‘మీ మేడమ్ కిందికి వెళ్ళిపోయింది, అలారం మోగితే కంగారుపడకండి, బ్యాటరీ పరీక్ష పెట్టారు’ అన్నాడు. నేను నమ్మాను.”

ఆమె తలెత్తింది. “ఆ మాట ఎన్నింటికి అన్నాడు?”

ఎన్నడూ ఏ కేసులోనూ టైము పట్టించుకోని మనిషి. నాలుగెప్పుడవుతుందా అని వాచీ వంక చూస్తూ నిలబడ్డ మనిషి కూడా.

“మూడు ముప్పై ఎనిమిది,” అన్నాడు. “ఖచ్చితంగా. ఇంకా ఇరవై రెండు నిమిషాలుందే అని విసుక్కున్నాను.”

“అలారం మోగింది?”

“మూడు నలభై ఒకటి.”

మోగబోయే అలారం సంగతి మూడు నిమిషాల ముందే తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అందరూ వరండా అటు చివరకి చూశారు. పెద్దసారు తన గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పారిపోవడం లేదు. ఒక చేతిలో తాళంచెవి, రెండో చేతిలో ఎర్రపూస ఉన్న గాజు పెట్టె. జారవిడుస్తాడేమోనని మామ అప్రయత్నంగా ఒక అడుగు ముందుకి వేశాడు.

“పాతికేళ్ళమ్మా,” అన్నాడు పెద్దసారు, ఎవరితోనో కాదు, ఆ పూసతో. “నడుమ ఏమీ లేదని ఎలా ఒప్పుకుంటాను?”

“ఏమీ లేకపోయినా పెట్టె నిలబడే ఉంది కదా సార్,” అంది ఆమె. గొంతు వణికింది. వణికినట్టు ఆమెకే తెలిసింది.

ముగింపు సార్ టైపు కాగితాలు నిలువునా చింపి జేబులో కుక్కుకుని పెద్దసారు వైపు నడిచాడు. మధ్యలో ఆగి వెనక్కి వచ్చాడు.

“ఆ పుస్తకం ఓసారి ఇవ్వండి. మూడు ముప్పై ఎనిమిది నా చేత్తో రాస్తాను. సాక్షిని నేనే కదా.”

ఆమె పుస్తకం ఇచ్చింది. బొటనవేలు భగ్గున మండింది, రక్తం పేజీ అంచుకి అంటింది. అబ్బా అని పైకే అంది. గాజు మామ పలకని గోడకి జాగ్రత్తగా ఆనించి, ఆమె పక్కన చతికిలబడి, జేబురుమాలు ఆ వేలికి చుట్టడం మొదలుపెట్టాడు.

“అయితే నా వల్ల కాదా తల్లీ?”

“మీ వల్ల కాదు మామా,” అని ఆమె ఆయన భుజం మీద తల వాల్చేసింది.